మూరెడు పడవకు రెండో ట్రిప్పు

పడవల భద్రత విషయంలో ప్రభుత్వానికి శ్రద్ధ లేదని పేపర్లలో రాసేవాళ్ళు ఒకసారి మా ప్రదర్శనశాలకు వచ్చి చూడాలి. మా దగ్గరున్న పడవ మూరెడు పొడవు కూడా ఉండదు. అద్దాల పెట్టెలో ఉంటుంది. దాని కింద ఉన్నవి నీళ్ళు కావు, నీళ్ళలా కనిపించే గడ్డకట్టిన రెజిన్ జిగురు. అయినా అందులో లైఫ్ జాకెట్ లేని మనిషి ఒక్కడు కూడా లేడు. నెలనెలా తనిఖీ జరుగుతుంది. ఇంతవరకు ఒక్కసారి కూడా మునగలేదు.

నేను ఆ తీరప్రాంత చరిత్ర ప్రదర్శనశాలలో జూనియర్ అసిస్టెంటును. టికెట్లు చింపడం, ఫైళ్ళు నడపడం, అద్దాల పెట్టెల తాళాలు మొలకు కట్టుకుని తిరగడం నా పనులు. ఆ తాళాల సంగతి చివర్లో వస్తుంది.

మా డైరెక్టర్ చిదంబరరావు గారు ఏ కొత్త మాట విన్నా దాని మీద మోజు పడే మనిషి. ఒక శిక్షణ శిబిరానికి వెళ్ళి 'డయోరమా' అనే మాట పట్టుకొచ్చారు. అంటే, జరిగిన సంఘటనను అద్దాల పెట్టెలో బొమ్మలతో, నేలతో, నీళ్ళతో సహా నిలబెట్టి చూపించడం. మన తీరంలో నేవీ వాళ్ళు వాడిన పడవ మీద ఒక డయోరమా పెడదామన్నారు. అది చేయగల మనిషి ఊళ్ళో ఒక్కరే ఉన్నారు, మైలపల్లి ఎల్లాజీ గారు. వయసులో నేవీలో వడ్రంగిగా చేసి రిటైరయ్యారు. డెబ్భై దాటినా చెయ్యి వణకదు.

ఆయన పనిచేసింది ల్యాండింగ్ క్రాఫ్ట్ మీద. సైన్యాన్ని ఒడ్డుకు దింపే పడవ అది. అడుగు బల్లపరుపుగా ఉంటుంది, ముందు భాగమంతా ఒక తలుపు. ఒడ్డుదాకా వచ్చి ఇసుకలోకి దూసుకుపోయి ఆ తలుపు కిందికి వదిలితే, దాని మీదుగా జవాన్లూ జీపులూ దిగుతారు.

"తుపాకులు పట్టుకున్న జవాన్లు ఎంతమందిని పెడదాం, ఎల్లాజీ గారూ?" అని అడిగారు డైరెక్టర్ గారు.

"జవాన్లు నేరు బాబూ," అన్నారు ఎల్లాజీ గారు. "నానున్నన్నాళ్ళూ ఆ పడవ యుద్ధానికి ఎల్లనేదు. పెద్ద తుఫానప్పుడు కొత్తదిబ్బకి ఎల్లింది. నాను ఆ ఎల్లినదే సేస్తాను."

నలభై అయిదేళ్ళ కిందట ఆ తుఫానులో కొత్తదిబ్బ అనే పల్లె చుట్టూ సముద్రం వచ్చేసింది. మిగిలిన జనం ఒక ఇసుక దిబ్బ మీద రెండు రోజులు నిలబడ్డారు. మూడో రోజు ఈ పడవ వెళ్ళి తలుపు కిందికి వదిలింది. ఎనభై మూడు మంది. అందరినీ ఒక్క ట్రిప్పులో తెచ్చారు, ఎందుకంటే రెండో ట్రిప్పుకు దిబ్బ మిగలదని పడవలో ఉన్నవాళ్ళందరికీ తెలుసు. ఎల్లాజీ గారు తన జీవితంలో గర్వంగా చెప్పుకునేది ఈ ఒక్క సంగతే. ఎవరినీ వదిలెయ్యలేదని చెబుతూ చివర్లో ఎప్పుడూ ఒకే మాట అంటారు: "ఒక్కర్ని కూడా ఒగ్గీనేదు."

ఎనిమిది నెలలు కూర్చుని చేశారు. నిజం పడవలో నలభై ఎనిమిదో వంతు. ప్లాస్టిక్ రేకు కోసి గోడలు, ఫ్యూజు వైరుతో కమ్ములు. తలుపును పట్టుకునే గొలుసు కోసం ఆయన భార్య పైడమ్మ గారి తెగిపోయిన వెండి పట్టీ వాడారు. మనుషుల్ని, పైపుల కన్నాలు పూడ్చే ఎపాక్సీ ముద్దతో ఒక్కొక్కరిని అంగుళంపావు ఎత్తున చేశారు. ఎవరినీ అచ్చు పోయలేదు. మేకను చంకన పెట్టుకున్న ముసలమ్మ, నెత్తి మీద వల మోస్తున్నవాడు, తడిసిన రేషన్ కార్డును గాలికి ఆరబెట్టుకుంటున్న పెద్దమనిషి. తలుపు అంచున, తమ్ముడి రెక్క పట్టుకుని నిలబడ్డ పద్దెనిమిదేళ్ళ పిల్ల.

"ఈ పిల్ల ఎవరండీ?" అని అడిగాను.

"ఆరోజు పడవెక్కినాక నన్ను మంచినీళ్ళు అడిగింది. ఇప్పుడు నాను అడిగితే ఆవిడిత్తాది," అన్నారు. ఆ పిల్ల పైడమ్మ గారు.

డయోరమా పూర్తయింది. రిబ్బను కూడా తెచ్చాం. అప్పుడు మా డైరెక్టర్ గారు, ఎవరూ అడక్కుండానే, ఒక ఉత్తరం రాశారు.

ఆ ఏడాది ఎక్కడో పడవ ప్రమాదం జరిగి కొత్త నిబంధనలు వచ్చాయి. 'ప్రభుత్వ ప్రాంగణాల్లో గల ఏ పడవైననూ, దాని పరిమాణముతో నిమిత్తము లేకుండా' అవన్నీ పాటించాలని అందులో ఉంది. చిన్న తెప్పల్ని కూడా వదలకూడదని ఎవరో మంచి మనసుతోనే ఆ మాట రాసి ఉంటారు. డైరెక్టర్ గారు దాన్ని చదివి, మన పడవకు ఇది వర్తించదని తెలిసి కూడా, ఎందుకైనా మంచిదని జలరవాణా భద్రతాధికారికి 'ఈ విషయమై తగు స్పష్టత నీయగోరుచున్నాము' అని రాశారు. మా ఆఫీసుల్లో ఇది మామూలే. తెలియని విషయం ఎవరూ అడగరు. తెలిసినదాన్నే కాగితం మీద అడుగుతారు, రేపు మాట పడకుండా ఉండటానికి. అడిగినవాడికి వర్తించదని రాసే ధైర్యం ఉండదు, జవాబిచ్చేవాడికి అంతకన్నా ఉండదు.

పదిహేను రోజుల్లో జవాబు వచ్చింది. 'వర్తించును.'

భద్రతాధికారి సుదర్శన్ బాబు గారు తనిఖీకి వచ్చే రోజున గంటన్నర ఆలస్యమైంది. ఆయన ఆఫీసు ఏటికి అవతల ఉంటుంది. రేవు దాటి వచ్చారు. ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి ఉంది, చెప్పులు చేతిలో ఉన్నాయి.

"పడవలో ఇసుకేస్తే రాలనంత జనమయ్యా," అన్నారు నాతో. "అరవై మందికి పైనే. నాలుగు మోటారు సైకిళ్ళు కూడా ఎక్కించారు. నేను ఒకడి హ్యాండిల్ పట్టుకుని నిలబడ్డాను."

"లైఫ్ జాకెట్ ఇచ్చారా సార్?"

"అది పంచాయతీ పడవ. ప్రభుత్వ ప్రాంగణంలో లేదుగా, ఏట్లో ఉంది. మన పరిధి కాదు," అని చెప్పి, కాళ్ళు తుడుచుకుని, స్కేలు తీసి అద్దాల పెట్టె దగ్గరకు వెళ్ళారు.

తనిఖీ రెండు గంటలు సాగింది. ఆయన చెబుతుంటే నేను రాసుకున్నాను. సదరు పడవపై రిజిస్ట్రేషన్ నంబరు కనబడలేదు. ప్రయాణికులు ఎవ్వరూ ప్రాణరక్షక కవచము ధరించి ఉండలేదు. ఒక మేక, పశువుల రవాణా అనుమతి లేకుండా ప్రయాణించుచున్నది. ముందు తలుపు తెరిచి ఉండగానే పడవ నీటిలో ఉన్నది.

"తలుపు తియ్యకపోతే జనం ఎలగెక్కుతారు బాబూ?" అన్నారు ఎల్లాజీ గారు.

"అది ఎక్కించేవాళ్ళు ఆలోచించుకోవాలి," అన్నారు సుదర్శన్ బాబు గారు. "మేము భద్రత మాత్రమే చూస్తాం."

ఆ తర్వాత సామర్థ్యం లెక్కగట్టారు. మనిషికి ఇన్ని చదరపు అడుగులని ఆయన దగ్గర ఒక సూత్రం ఉంది. పడవను స్కేలుతో కొలిచి సూత్రంలో వేస్తే, సున్నా పాయింటు సున్నా రెండు మంది ఎక్కవచ్చని వచ్చింది. ఆయన రెండోసారి కొలిచారు. అంతే వచ్చింది. అంత తక్కువ మందిని ఎక్కించడం క్షేత్రస్థాయిలో సాధ్యపడదని మా డైరెక్టర్ గారు విన్నవించుకున్నారు. సుదర్శన్ బాబు గారు చాలాసేపు కళ్ళు మూసుకుని ఆలోచించి, మానవతా దృక్పథంతో, నిజం పడవ కొలతల మీద లెక్క వేయడానికి ఒప్పుకున్నారు. నలభై మంది అని తేలింది.

"మిగతా నలభై ముగ్గుర్నీ దింపించండి," అన్నారు.

లైఫ్ జాకెట్లకు ఎల్లాజీ గారు ఒప్పుకున్నారు. ఇంటికెళ్ళి నారింజరంగు బుడగలు కత్తిరించి ఎనభై మూడు జాకెట్లు కుట్టి తెచ్చారు. "ఇయి ఆరోజే ఉంటే బాగున్ను. ఇద్దరు పిల్లల్ని నడుంకి తాడు కట్టి కూకోబెట్టినాం," అన్నారు. ఒక్కో జాకెట్టూ బియ్యపుగింజంత ఉంది. వాటి మీద నాణ్యతా ముద్ర కనబడటం లేదని సుదర్శన్ బాబు గారు రాశారు. ఎల్లాజీ గారు భూతద్దం పెట్టుకుని అది కూడా వేశారు. మేకకూ ఒకటి తొడిగారు.

కానీ మనుషుల్ని దింపమంటే మాత్రం మంకుపట్టు పట్టారు.

"ఎక్కడికి దింపమంటారు? సుట్టూరా సముద్రం. ఆ దిబ్బ ఆ సాయంత్రానికే ములిగిపోనాది."

"మీ డయోరమాలో మునిగిందా?" అని అడిగారు సుదర్శన్ బాబు గారు.

"నేదు. పడవ ఎల్లినప్పటికి ఇంకా ఉంది."

"అయితే ఉందనే మా రికార్డు. ఉన్న ఒడ్డు మీద దింపడానికి అభ్యంతరమేమిటి? రెండో ట్రిప్పులో వస్తారు."

"బొమ్మ బాబూ. కదల్దు. రెండో ట్రిప్పు ఎలగేత్తాది?"

"కదలని పడవకు పరిమితికి మించి జనాన్ని ఎక్కించడం మరీ ప్రమాదం," అని చెప్పి ఆయన సంతకం పెట్టారు.

దింపకపోతే అసలు డయోరమానే ప్రదర్శించకూడదు. డైరెక్టర్ గారు నన్ను పక్కకు పిలిచి, పెద్దాయనను ఒప్పించమన్నారు. నేను ఒప్పించాను. ఇప్పుడు సిగ్గుగా ఉంది గానీ, ఎనిమిది నెలల పని గోదాములోకి పోకూడదని అప్పుడు అలా చెప్పాను. ఎల్లాజీ గారు గొలుసు తుడుస్తూ, "మరైతే ఎవర్ని దింపాలో మీరే సెప్పండి. నా నోటితో నాను సెప్పలేను," అన్నారు.

అందుకని కమిటీ వేశారు. డైరెక్టర్ గారు అధ్యక్షులు, సుదర్శన్ బాబు గారు సభ్యులు, నేను కన్వీనరు. మూడు సమావేశాలు జరిగాయి. మొదటి సమావేశంలో అర్హతల నిర్ణయం. వృద్ధులు, పిల్లలు, బాలింతలు, గుర్తింపు పత్రం కలవారు పడవలో ఉండవచ్చు. రేషన్ కార్డు ఆరబెట్టుకుంటున్న పెద్దమనిషి ఆ విధంగా బతికిపోయాడు. రెండో సమావేశంలో మేక. వృద్ధురాలి సొంత ఆస్తి కనుక సామానుగా పరిగణించారు. మూడో సమావేశంలో అనర్హుల జాబితా చదివారు. ముప్పై ఆరో పేరు దగ్గర నేను ఆగాను.

"యువతి, పద్దెనిమిది. ఆరోగ్యవంతురాలు. ఈత వచ్చు. అనర్హురాలు," అని డైరెక్టర్ గారు నా కాగితంలోంచి పూర్తి చేశారు.

"ఆమె తమ్ముడి రెక్క పట్టుకుని ఉందండీ," అన్నాను.

"తమ్ముడికి ఎన్నేళ్ళు?"

"ఏడు."

"బాలుడు. అర్హుడు. చెయ్యి వదిలించండి."

ఎల్లాజీ గారు సన్నటి రంపపు బ్లేడుతో ఆ చెయ్యి వదిలించారు. నేను పక్కనే నిలబడి దీపం పట్టుకున్నాను. నలభై ముగ్గుర్నీ ఒక్కొక్కరిగా పట్టకారుతో ఎత్తి దిబ్బ మీద పెట్టారు. అందరూ పడవవైపు చూస్తున్నట్టే నిలబెట్టారు. వేరే ఎటు చూస్తారు. తర్వాత తలుపు పైకెత్తి మూసేశారు. దిబ్బ మీద ఒక చిన్న బోర్డు పాతించారు సుదర్శన్ బాబు గారు: 'రెండవ ట్రిప్పు కొరకు వేచి ఉండు స్థలము. క్యూ పాటించవలెను.'

ప్రారంభోత్సవం బాగా జరిగింది. ఉపన్యాసాల్లో మా డయోరమాను దేశంలోకెల్లా సురక్షితమైన డయోరమా అన్నారు. కాదనడానికి నా దగ్గర ఆధారం లేదు. జనమంతా వెళ్ళాక పైడమ్మ గారు పెట్టె దగ్గరకు వచ్చారు. కళ్ళజోడు సవరించుకుని, పడవలో ఒక చివర నుంచి వెతకడం మొదలుపెట్టారు. తమ్ముణ్ణి గుర్తుపట్టారు. "ఈడే, మా గున్నడు," అన్నారు. ఆ తమ్ముడు పెద్దవాడై, కాలం చేసి పదేళ్ళయింది. వాడి పక్కన చూశారు. అటుపక్కన చూశారు. తలుపు దగ్గర చూశారు.

"నానెక్కడున్నాను?" అని మొగుణ్ణి అడిగారు.

ఎల్లాజీ గారు దిబ్బ చూపించారు.

ఆవిడ వంగి అద్దానికి మొహం ఆనించి చూశారు. తర్వాత నెమ్మదిగా, "నన్ను ఒగ్గీసి ఎల్లిపోనావేటి," అన్నారు. కోపం లేదు ఆ మాటలో. ఉంటే బాగుండేది. ఎల్లాజీ గారు తల ఎత్తలేదు. నాకు కూడా అక్కడ నిలబడాలనిపించక వెళ్ళి టికెట్ల పుస్తకం సర్దాను.

నెల తిరిగింది. తనిఖీ వచ్చింది. సుదర్శన్ బాబు గారు భూతద్దంతో లెక్కపెట్టారు. పడవలో నలభై. జాకెట్లు సరి. ఒడ్డున నలభై రెండు.

జాబితా ముందు పెట్టుకుని మళ్ళీ లెక్కపెట్టారు. నలభై రెండే.

"ఒక ప్రయాణికురాలు గల్లంతైంది," అన్నారు. మొహం పాలిపోయింది. ఆయన ఉద్యోగంలో ఇదే మొదటి గల్లంతు. డైరెక్టర్ గారు కుర్చీలో కూలబడ్డారు. పెట్టె చుట్టూ, బీరువాల కింద, మాతో పాటు ఇద్దరు అటెండర్లు, చీపురు పట్టుకున్న సన్యాసమ్మ కలిసి గాలింపు చేపట్టాం. చీకటి పడేలోపు ముగించాలని ఆయనే ఆదేశించారు, నిబంధనల్లో అలా ఉందట. రెజిన్ సముద్రం మీద టార్చి వేసి చూశారు. చివరికి, పెట్టె దుమ్ము దులపడానికి అనుమతి ఉన్న మనిషి ఒక్కరేనని గుర్తొచ్చి, ఎల్లాజీ గారిని పిలిపించి వాంగ్మూలం తీసుకున్నారు. నేనే రాశాను.

"ఒడ్డు మీది యువతి ఏమైంది?"

"మాయింటికాడుంది బాబూ. నలభై అయిదేళ్ళయి అక్కడే ఉంది."

"నేనడిగేది బొమ్మ సంగతి."

"అదీ మాయింటికాడే. ఆవిడి సూసీసినాక నాకు బువ్వ సయించనేదు. ఎల్లి తెచ్చీసినాను."

"ముంపు ప్రాంతం నుంచి ప్రయాణికురాలిని తరలించారన్న మాట. ఏ పడవ మీద తరలించారు? దానికి అనుమతి ఉందా?"

"పడవ కాదు బాబూ. జేబులో ఏసుకుని సైకిల్ మీదెల్లినాను."

సుదర్శన్ బాబు గారి మొహంలో రక్తం తిరిగి వచ్చింది. సైకిల్ రోడ్డు రవాణా. ఆయన పరిధి కాదు. 'సదరు ప్రయాణికురాలు రోడ్డు మార్గమున స్వగృహమునకు సురక్షితముగా చేరినట్లు రూఢి అయినది' అని రాసి ఫైలు మూసేశారు. ఆ తరువాత ఒక మాట చేర్చారు. 'ఒడ్డుపై వేచి ఉండువారు స్వంత ఏర్పాట్లపై వెళ్ళిపోవుటకు ఈ కార్యాలయమునకు అభ్యంతరము లేదు.'

ఆ వాక్యాన్ని నేను రెండుసార్లు చదువుకున్నాను. తాళాలు నా మొలకే ఉన్నాయి.

ఆ సంగతి కొత్తదిబ్బ వాళ్ళకు ఎలా తెలిసిందో నాకు తెలియదని విచారణ జరిగితే చెబుతాను. ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు. ముసలివాళ్ళు, వాళ్ళు లేకపోతే వాళ్ళ కొడుకులు, కోడళ్ళు. టికెట్టు కొని, పెట్టె ముందు నిలబడి, వేలు పెట్టి చూపించేవాళ్ళు. "ఆ వల నెత్తినెట్టుకున్నోడు మాయ్యండీ." నేను తాళం తీసి దుమ్ము దులిపేవాణ్ణి. రుమాల్లో ఒకరు, కొంగుముడిలో ఒకరు, టిఫిను గిన్నెలో ఒకరు వెళ్ళిపోయారు. నెలనెలా తనిఖీలో ఒడ్డున ముప్పై, పందొమ్మిది, ఏడు అని పడుతూ వచ్చింది. ఏడో నెలలో దిబ్బ ఖాళీ. 'రెండవ ట్రిప్పు విజయవంతముగా ముగిసినది' అని రాసి, సుదర్శన్ బాబు గారు చెప్పులు చేతిలో పట్టుకుని రేవుకు బయల్దేరారు. సాయంత్రం పడవకు జనం మరీ ఎక్కువట.

ఆ ఆదివారం ఎల్లాజీ గారింటికి వెళ్ళాను. వసారాలో బల్ల మీద ఇంకో పడవ ఉంది. అదే కొలత, అదే గొలుసు, పట్టీల జతలో రెండోది. తలుపు కిందికి వదిలి ఉంది. కొత్తదిబ్బ వాళ్ళు పట్టుకెళ్ళిన మనుషుల్ని తమ దగ్గర ఉంచుకోలేదు. అందరూ తెచ్చి ఈయనకే ఇచ్చి వెళ్ళారు. నలభై ముగ్గురూ అందులో నిలబడి ఉన్నారు. ఇది ప్రభుత్వ ప్రాంగణం కాదు కనుక ఎవరికీ జాకెట్లు లేవు. పైడమ్మ గారు మాకు టీ తెచ్చి, పోతూ పోతూ పడవ మీద వాలిన ఈగను కొంగుతో తోలి వెళ్ళారు.

తలుపు అంచున ఆ పిల్ల ఉంది. కోసేసిన చెయ్యి పక్కకు చాచే ఉంది. ఆమె పక్కన ఏడేళ్ళవాడు పట్టేంత జాగా వదిలారు. వెనక ఇంకా చాలా జాగా ఉంది.

"ఇదంతా ఖాళీగా వదిలేశారేమండీ?" అన్నాను.

"ఇంకా నలభై మంది రావాల గదా బాబూ," అన్నారు ఎల్లాజీ గారు, నా మొలవైపు చూడకుండా.

మొన్నటి తనిఖీలో మా పడవలో ముప్పై తొమ్మిది మంది ప్రయాణికులు ఉన్నట్టు తేలింది. పరిమితికి లోబడే ఉన్నారని సుదర్శన్ బాబు గారు సంతకం పెట్టి వెళ్ళారు.